తెల్ల ఇత్తడి

మా పటేలు నన్ను దొంగ అన్ననాటికి నాకు చాందీ అంటె వెండి కాళ్ళ పట్టీలు, మా అత్త చేతి కడియాలు. అంతే. అది చెడిపోయిన కరెంటు డబ్బాల లోపట కూడ ఉంటదని, దాని కోసం ఒక మనిషి నలుగురు ఆడోళ్ళను నిలబెట్టి చీరలు దులిపిస్తడని నాకు తెల్వది.

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాల మూతబడ్డ ఒక మందుల కంపెనీ ఉన్నది. దాని వెనక రేకుల షెడ్డుల నేను ఆరేండ్లు పని చేసిన. షెడ్డు మా ఊరి పటేలుది. వాళ్ళ నాయిన కాలంల మా అత్త వాళ్ళ పొలంలనే నాట్లేసింది, కలుపు తీసింది. పొలాలు ప్లాట్లయినయి. వచ్చిన పైసలతోని పటేలు పాత సామాన్ల దందా పెట్టిండు, అమీన్‌పూర్ల కొత్త ఇల్లు కట్టిండు. మేం పొలం కూలి నుంచి కబాడీ కూలికి వచ్చినం. పిలుపులు మాత్రం మారలె. ఆయన మాకు పటేలా, మేం ఆయనకు ఏమే.

బందైన కంపెనీల నుంచి కరెంటు ప్యానెళ్ళు వేలంల కొనుక్కొచ్చేటోడు. వాటిల కాంటాక్టర్లని ఉంటయి, పెద్ద మోటర్లను చాలు చేసే స్విచ్చిలు. నల్ల ప్లాస్టిక్ డబ్బా పగలగొడితె లోపట రాగి పట్టీలు, ఆ పట్టీల కొసకు అంగి గుండీ అంత తెల్ల బిళ్ళ. దాన్ని పాయింట్ అంటరు. పాయింటుకు పాయింటు తాకితెనే కరెంటు పారుతది. మా పని సుత్తె, ఉలి పట్టుకొని డబ్బా పగలగొట్టుడు, కటింగ్ ప్లేరుతోని ఆ బిళ్ళను కత్తిరించుడు. రాగి బస్తాల పోతది, ఇనుము కుప్పల పోతది, పాయింట్లు ఒక పాలపొడి డబ్బాల పోతయి.

"ఇదేంది పటేలా?" అని ఒకసారి అడిగిన.

"తెల్ల ఇత్తడి. దేనికీ పనికిరాదు. ఊకె జమ చేస్తున్న" అన్నడు.

పనికిరాని దాన్ని రోజూ సాయంత్రం ఆయన బామ్మర్ది కాంట మీద పెట్టి చూస్తడు, పటేలు బీరువాల పెట్టి తాళమేస్తడు. మేం చూస్తనే ఉన్నం. అయినా అనుమానం రాలె. చిరిగిన గోనెసంచిని కూడ లెక్కపెట్టే మనిషి ఆయన. అలవాటు అనుకున్నం.

ఒక దినం సాయంత్రం బామ్మర్ది కాంట కాడ నిలబడి, "బావా, మల్ల తక్కువొస్తున్నది" అన్నడు. ముప్పై దాటినోడు, ఎడమ చెవ్వుకు పోగు, బుల్లెట్ బండి. మేం కాళ్ళు, చేతులు కడుక్కుంటున్నం. పటేలు పోయి గేటు మూసిండు. ఇంటికి ఫోన్ చేసిండు. పావుగంటల పటేలమ్మ కారుల వచ్చింది. ఎవ్వరూ మాకు ఏమైందో చెప్పలె. పటేలమ్మ మమ్మల్ని ప్యానెళ్ళ కుప్ప వెనకకు తీస్కపోయి, "ఒక్కొక్కతి కొంగు దులపుండ్రి" అన్నది.

దులిపినం. ఏం చేస్తం. ఒకామె ఏడ్చింది. నా వంతు వచ్చినప్పుడు పటేలమ్మ నా నడుము కాడి వక్కల సంచి గుంజి బోర్లించింది. వక్కపలుకులు, సున్నం డబ్బి, బస్సుల ఆడోళ్ళకు పైసల్లేకుండ ఇచ్చే జీరో టికెట్టు, ఒక పాయింటు కింద పడ్డయి.

ఆ పాయింటు పొద్దుగాల నా చెప్పు అడుగున గుచ్చుకుంటె గుంజి తీసిన. చేతిల ఉలి ఉన్నదని సంచిల ఏసుకున్న, మల్ల డబ్బాల ఏద్దామని. మర్సిపోయిన. ఇది నిజం. కానీ ఆ కుప్ప వెనక నిలబడి చెప్తె నాకే అది అబద్ధం తీరుగ వినబడ్డది.

పటేలు ఆ బిళ్ళను రెండు వేళ్ళ నడుమ పట్టుకొని, "దీనికి రెక్కలొచ్చి నీ సంచిలకి ఎగిరిందానే?" అన్నడు.

"చెప్పుల గుచ్చుకున్నది పటేలా. మీ తోడు."

"నా మీద ఒట్లేస్తున్నవా? దొంగముండ. మీ అత్త మా ఇంట్ల తిని బతికింది. నువ్వు మా ఇంటికే కన్నం పెట్టినవు."

బామ్మర్ది బుల్లెట్‌కు ఆనుకొని నవ్వుకుంట చూస్తుండె. మిగిలిన ముగ్గురు ఆడోళ్ళు నా దిక్కు చూడలె. రేపటికెల్లి రావద్దన్నడు పటేలు. ఆ వారం కూలి కూడ ఇయ్యలె.

నేను ఇంటికి చేరకముందే ముచ్చట ఊర్లకు చేరింది. నా పెనిమిటి ముత్తంగి కాడ గోదాంల లారీలకు మాల్ ఎత్తే పనికి పోతడు. వచ్చి కూసున్నడు. మంచినీళ్ళు ఇస్తె తాగిండు, తాగినంక అడిగిండు.

"తీసినవా?"

ఆ ఒక్క మాటకు పటేలు తిట్టిన తిట్లన్నీ చిన్నవైనయి. నేను లేచి, వాకిట్ల ఉన్న చెప్పులు తెచ్చి ఆయన ముందట కొట్టిన. చూడు, గుచ్చుకుంటదో లేదో చూడు అని. చెప్పు బోర్లపడ్డది. అడుగు గీతల సందుల్ల మన్ను, ప్లాస్టిక్ ముక్కలు ఉన్నయి. వాటి నడుమ ఇంకో తెల్ల బిళ్ళ ఇరుక్కొని ఉన్నది.

ఆయన దాన్ని పిన్నీసుతోని గెలికి తీసిండు. వెలుతురుల పట్టి తిప్పి చూసిండు. తప్పయింది అని అనలె. "తెల్ల ఇత్తడికి ఎవడన్న గేటు మూస్తడా?" అన్నడు.

తెల్లారి ఆ బిళ్ళను కొంగుకు ముడేసుకొని సంగారెడ్డి బస్సెక్కిన. పాత బజార్ల మా అత్త కడియాలు చేసిన అవుసులాయన ఉన్నడు. డెబ్బై ఏండ్ల ముసలాయన, సన్నటి దుకాణం, ఎప్పుడు చూసినా దగ్గు. నేను బిళ్ళ తీసి బల్ల మీద పెట్టిన. ఆయన దాన్ని చేతితోని కూడ ముట్టలె.

"తీస్కపో. దొంగసొమ్ము నేను ముట్ట."

"దొంగసొమ్మని నీకెవరు చెప్పిన్రు?"

"నీకంటె ముందు ఒకడు తెచ్చేటోడు ఇసొంటియే, రుమాలుల మూటగట్టి. వెళ్ళగొట్టిన. ఇప్పుడు ఆడోళ్ళను తోలుతున్నడా?"

"ఎవరు తాతా?"

"నాకేం తెల్సు వాని పేరు? బుల్లెట్ బండి. చెవ్వుకు పోగు."

నేను మెట్టు మీద కూసున్న. ఆయన రెండుసార్లు లేవమన్నడు. లేవలె. నిన్న నా చీర దులిపించిన్రు తాతా, ఇదేందో చెప్పు, పోత అన్న. గిరాకీ వస్తున్నది, నేను దారికి అడ్డం కూసున్న. నన్ను వదిలించుకునేతందుకే ఆయన బిళ్ళను చేతిలకు తీసుకున్నడు.

ముందుగాల ఆకురాయితోని అంచు మీద గీకిండు. "పైపూత అయితె లోపట ఎర్రగ రాగి కనబడ్తది. ఇది లోపట కూడ తెల్లగనే ఉన్నది" అన్నడు, నాతోని కాదు, తనతోని తనే చెప్పుకున్నట్టు. తర్వాత నల్ల గీటురాయి మీద రుద్దిండు. తెల్లటి గీత పడ్డది. చిన్న సీస నుంచి తేజాబ్, అంటె యాసిడ్, చుక్క గాజుపుల్లతోని ఆ గీత మీద పెట్టిండు. గీత కరిగిపోయింది. అప్పుడు ఉప్పునీళ్ళ చుక్క ఒకటి. గంతే, కరిగిపోయిన చోట పాలు విరిగినట్టు తెల్లగ తేలింది. రాయిని తెచ్చి మెట్టు మీద, ఎండల, నా పక్కన పెట్టిండు.

"చూస్తుండు."

ఆ తెలుపు మెల్లగ ఊదారంగు తిరిగింది. ఇంకో గిరాకీ వచ్చి పోయేలోపు నల్లబడ్డది.

"చాందీ" అన్నడు. "సాఫు చాందీ కాదు, ఏదో కలిపిన్రు. అయినా చాందీయే. ఇగ లేచి పో."

ఆరేండ్లు. నా చేతులతోని ఎన్ని పాలపొడి డబ్బాలు నిండినయో యాదికి తెచ్చుకుంట బస్సుల వచ్చిన. వాళ్ళ ఆస్తి వాళ్ళది, అందుల నా వాటా ఏం లేదు. కానీ పేరు మార్చి చెప్పిండు. మేం కూలోళ్ళం కాబట్టి, తెలిస్తె ఎత్తుకపోతమని, ఆరేండ్ల ముందుగాలే మమ్మల్ని దొంగలను చేసి పెట్టుకున్నడు. ఎత్తుకపోయింది మాత్రం ఆయన పక్కన కూసొని తినేటోడు.

బామ్మర్ది సంగతి నా పెనిమిటికి చెప్పిన. "పటేలు బామ్మర్ది మీద మన మాట ఎవడు వింటడు? నోరు మూసుకో" అన్నడు. మూసుకున్న. కానీ మంగళవారం మల్ల సంగారెడ్డి బస్సెక్కిన.

"నేర్పు" అన్న అవుసులాయనతోని.

"ఏం నేర్పాలె?"

"గిది చాందీ, గిది కాదు అని చెప్పుడు."

ఆయన నవ్విండు, నవ్వు దగ్గయింది. నీకెందుకన్నడు, ఆడోళ్ళకు రాదన్నడు, నీ కులమేందన్నడు. నేను కదలలె. ఆఖరికి దుకాణం ఊడ్వమన్నడు. అవుసులి దుకాణంల ఊడ్చిన దుమ్ము పారబోయరు, అందుల పొడి ఉంటదని. ఆ దుమ్ము అంతా ఆయన ముందట ఒక తట్టల దులిపి, నా కొంగు కూడ దులిపి, అప్పుడు కూసోవాలె. రెండో వారం నుంచి ఆయన చెప్పకముందే నేనే కొంగు దులిపిన. కోపంతోనే దులిపిన.

ఆయన నాకు మంచిగ చెప్పిన మాట ఒక్కటి కూడ యాదికి లేదు. ముత్తంగిల మోటర్లు చుట్టే దుకాణం నుంచి పారేసే పాయింట్లు కొన్ని అడుక్కొచ్చిన ఒకసారి. తళతళ మెరుస్తున్నయి. అన్నీ చాందీయే అన్న.

"మెరుపు చూసి చెప్తున్నవా? నా బట్టతల కూడ మెరుస్తది, గీకుతవా?"

అయస్కాంతం చూపిస్తె అందుల సగం ఎగిరి అంటుకున్నయి. నికెల్ పూత, లోపల ఇనుము. మిగిలినయి ఆకురాయి కింద ఎర్రబడ్డయి. ఒక్కటి కూడ చాందీ కాదు. ఆ తర్వాత తెలిసింది, అసలుది మెరవదు. పొగచూరిన గిన్నె లెక్క మసిబారి ఉంటది, నడుమ మెరుపులు కొట్టి కాలిన గుంట ఉంటది. వేలితోని రుద్దితె మసి కింద పాల తెలుపు. పెద్ద బ్రేకర్లల్ల వచ్చే పాయింట్లు వేరే. బూడిద రంగు, చేతిల పెడితె బరువు, ఆకురాయి జారిపోతది, గీత పడదు. అందుల టంగ్‌స్టన్ అనే గట్టి లోహమే ఎక్కువ, చాందీ తక్కువ. బరువు చూసి మోసపోయేటోళ్ళు వాటి కాడనే మోసపోతరు.

తేజాబ్ పడి నా వేళ్ళు పసుపుపచ్చ మచ్చలు తేలినయి. చాందీ కరిగిన నీళ్ళు తాకినకాడ ఎండ తగిలితె నల్లబడేది. సబ్బుకు పోదు, చింతపండుకు పోదు. తోలు ఊడిపోతెనే పోవాలె. నల్లా కాడ ఆడోళ్ళు నా వేళ్ళు చూసి బిందె జరుపుకునేటోళ్ళు. దొంగతనం చేసిన చేతులకు తెగులు తగిలిందని ఒకామె నాకు వినబడేతట్టే అన్నది.

ఒక దినం నేను, "తాతా, ఇయ్యన్నీ కరగబెడితె పని అయిపోతది కదా, ఒక్కొక్కటి గీకుడెందుకు?" అన్న. ఆయన చేతిల ఉన్న పట్టకారు బల్ల మీద కొట్టిండు.

"కరగబెట్టకు. ఎన్నడూ కరగబెట్టకు" అన్నడు. "కేడీఎం టంకం ఎరికేనా? బంగారం అతకనీకె వాడేది. కాడ్మియం. దాని పొగ ముప్పై ఏండ్లు తిన్న. ఈ దగ్గు దానిదే. పొగ పీల్చినప్పుడు ఏం తెల్వది. సాయంత్రానికి చలిజొరం లెక్క వస్తది, తెల్లారి ఊపిరాడదు. ఈ పాయింట్లల్ల కూడ కొన్నిట్ల అదే కలుపుతరు. చూస్తె తెల్వది, గీకితె తెల్వది. అందుకే నేను పాయింట్లు ముట్ట. దొంగసొమ్మని కాదు."

ఆయన నాతోని అన్ని మాటలు ఒక్కపారి మాట్లాడింది ఆ దినమే.

ఏడాది తిరిగేసరికి నేను చిన్న చిన్న కబాడీ దుకాణాల్లకు పోవుడు షురూ చేసిన. పటేల్‌గూడ, అమీన్‌పూర్, ముత్తంగి. సంచిల అయస్కాంతం, ఆకురాయి, గీటురాయి, రెండు సీసలు. మొదట్ల తరిమిన్రు. ఒకాయన మంత్రాలు చేసేదాన్ని అనుకున్నడు. తర్వాత వాళ్ళే పిలిచిన్రు, ఎందుకంటె నేను కాదన్న మాల్ నిజంగ కాదని తేలేది. చాందీ అని తేలినదాన్ని వాళ్ళు పట్నంల పెద్ద పొగగొట్టం ఉన్న కార్ఖానాకు పంపేటోళ్ళు. నేను ఎక్కడా కరగబెట్టనియ్యలె.

పటేలు షెడ్డు నుంచి కబురు వచ్చింది ఇంకో ఏడాదికి. కబురు తెచ్చింది బామ్మర్దే. మా వాకిట్ల బుల్లెట్ ఆపి, దిగకుండనే, "బావ రమ్మంటుండు. పెద్ద మాల్ వచ్చింది. చూసి చెప్పాలె" అన్నడు. నా పెనిమిటి పోవద్దన్నడు. నేను పోయిన. పిలిపించుకున్నరు కదా అనే గర్వం ఉండె నాకు. దాచిపెట్టుకునుడెందుకు.

షెడ్డు మారలె. ఒక మూలకు కొత్తగ బట్టీ కట్టిన్రు, దానికి గాలి కొట్టే మిషన్, కరగబెట్టే మూస. అక్కడ ఒడిశా నుంచి వచ్చిన మనిషి ఒకాయన బొగ్గులు సర్దుతున్నడు. నలభై ఏండ్లు ఉంటయి, నెత్తికి ఎర్ర తువ్వాల. నాతోని పనిచేసిన ముగ్గురు ఆడోళ్ళల్ల ఇద్దరు ఇంకా అక్కడనే ఉన్నరు, తలకాయ దించుకొని డబ్బాలు పగలగొడుతున్నరు. పటేలు కుర్సీ ఏపించిండు నాకు. నేను కూసోలె.

"ముందుగాల ఒక మాట పటేలా" అన్న. "వీళ్ళ ముందట చెప్పు, నేను దొంగను కాదని."

మా ఇంటి ఆడోళ్ళల్ల ఆయనను 'నువ్వు' అన్నది నేనే మొదలు. ఆయన ముఖం ఎర్రబడ్డది, కానీ మాల్ చూపించుకునే అక్కర ఉన్నది.

"పాత ముచ్చట ఇప్పుడెందుకు? మాల్ చూడు."

"ఎవరు తీసిన్రో నాకు ఎరికే. సంగారెడ్డిల అవుసులాయన కాడికి రుమాలుల మూటగట్టి తీస్కపోయినోడు ఎవడో నీ బామ్మర్దిని అడుగు."

ఉలి చప్పుళ్ళు బందైనయి. బామ్మర్ది నేల దిక్కు చూసిండు. నేను పటేలునే చూస్తున్న, ఇగ ఆయన ముఖం పగులుతదని. ఏం పగలలె. ఆయన జేబులకెల్లి తువ్వాల తీసి మెడ తుడుచుకున్నడు.

"ఎరికే నాకు" అన్నడు. "నువ్వు పోయిన నెలకే దొరికిండు. మా ఇంటి ముచ్చట అది, మేం చూసుకున్నం. నీకేంది?"

నీకేంది అన్నడు. ఎరికుండి రెండేండ్లు. ఊరంతా నన్ను దొంగ అంటుంటె, నల్లా కాడ బిందెలు జరుపుతుంటె, మా ఇల్లు ఆయన షెడ్డుకు పోయే దారిలనే ఉన్నది, ఒక్కసారి ఆగి ఒక్క మాట ఎవరితోనన్న అంటె అయిపోవు. అనలె. అనాలె అని కూడ తోచలె ఆయనకు. అయినా మాల్ ముందట కూసున్న. ఎందుకు కూసున్న అంటె, చూడకుండ పోతె పని రాక పోయిందంటరు.

రెండు కుప్పలు ఉండె. పెద్ద బిళ్ళల కుప్ప మీద ఆకురాయి జారింది. టంగ్‌స్టన్. అందుల ఆయన అనుకున్నంత చాందీ లేదు, అదే చెప్పిన. రెండోది చిన్న పాయింట్ల కుప్ప. తేజాబ్ పెట్టిన, ఉప్పునీళ్ళు పెట్టిన, పెరుగు లెక్క తేలింది.

"ఇయ్యి చాందీయే. కానీ ఈడ కరగబెట్టకు. వీటిల కాడ్మియం ఉండొచ్చు. దాని పొగ మనిషిని తింటది. పట్నం పంపు."

పటేలు బామ్మర్ది దిక్కు చూసి నవ్విండు. "చూసినవా? పెద్దయి పనికిరావంటది. చిన్నయి కరగబెట్టొద్దంటది. అగ్గువకు కొని ఎత్తుకపోదామని. నీ బుద్ధి పోలేదే."

నేను సీసలు సంచిల ఏసుకొని లేచిన. కండ్లల్ల నీళ్ళు వస్తున్నయి, ఆయన ముందట రానియ్యొద్దని బిరబిర నడిచిన. బట్టీ కాడికి వచ్చేసరికి ఆ ఒడిశా మనిషి లేచి నిలబడ్డడు. నా ముఖం చూసిండేమో, ప్లాస్టిక్ జగ్గుల నీళ్ళు పట్టుకొచ్చి, "దీదీ, పానీ" అన్నడు. తీసుకొని తాగిన. జగ్గు ఆయన చేతికిచ్చిన. బట్టీల అగ్గి అంటుకుంటున్నది. ఆ మూసలకు ఏం పోతదో నాకు ఎరికే, ఆ పొగ మీదికి వంగేది ఈ మనిషే అని కూడ ఎరికే. చెప్పాల్సిన మాట రెండు ముక్కలు. దానికి సరిపోయేంత హిందీ నాకు వచ్చు.

చెప్పలె. గేటు దాటి పోయిన. వాళ్ళది కాలిపోనీ, తగలబడనీ అనుకున్న. నిజంగ గిట్లనే అనుకున్న.

తెల్లారి పొద్దెక్కినంక షెడ్డుల పనిచేసే పాతామె ఫోన్ చేసింది. బట్టీ మనిషికి సాయంత్రం చలిజొరం వచ్చిందట, పొద్దుగాల ఊపిరాడక నీలబడ్డడట, సర్కారు దవాఖానకు తీస్కపోయిన్రట. బామ్మర్దికి కూడ దగ్గు, జొరం. నేను ఉన్నపళంగ లేచి, మా ఇంట్ల మిగిలిన పాయింట్లు నాలుగు చేతిల పట్టుకొని ఆటో ఎక్కిన.

పోయేసరికి పటేలు డాక్టరమ్మతోని చెప్తున్నడు. "బయట చలిల పండుకున్నడు మేడం. రొమ్ముల నెమ్ము చేరింది."

"కాదు మేడం" అన్న. పాయింట్లు బల్ల మీద పెట్టిన. "నిన్న ఇసొంటియే కరగబెట్టిన్రు. కాడ్మియం పొగ. ఇద్దరు పీల్చిన్రు."

డాక్టరమ్మ చిరాకుగ నన్ను చూసింది. నువ్వెవరు, పేషెంటుకు ఏమైతవు అన్నది. ఏం కాను అన్న. పటేలు నా జబ్బ పట్టుకొని పక్కకు గుంజి, "నాలుక కోస్త" అన్నడు మెల్లగ. ఆ మాట డాక్టరమ్మకు వినబడ్డది. నా జబ్బ మీది ఆయన చేయిని చూసింది. అప్పుడు నన్ను కూసొమ్మన్నది. ఎప్పుడు కరగబెట్టిన్రు, ఎంతసేపు, ఎట్లాంటి పొగ, ఒక్కొక్కటి అడిగి రాసుకున్నది. ఎవరికో ఫోన్ చేసి అవే మాటలు చెప్పింది. మధ్యాహ్నానికి ఇద్దరినీ అంబులెన్సుల పెద్ద దవాఖానకు పంపిన్రు.

బామ్మర్ది వారానికి లేచి తిరిగిండు. బట్టీ మనిషి బతికిండు, కానీ ఆ బతుకు సగమే. మూడు వారాల తర్వాత కూడ పది అడుగులేస్తె నిలబడి రొప్పేటోడు. షెడ్డు కొద్ది దినాలు మూసి మల్ల తెరిచిన్రు. బట్టీ తీసేసిన్రు అని విన్న. ఊర్ల పటేలు ఏం చెప్పిండంటె, నేను తేజాబ్ పెట్టే సాకుతోని మాల్ల మందు కలిపిననట. నా వేళ్ళ నలుపు అందుకు సాక్ష్యమట. నమ్మినోళ్ళు ఉన్నరు. దొంగ అనేటోళ్ళు కొందరు, మందు పెట్టేది అనేటోళ్ళు కొందరు.

బట్టీ మనిషి ఊరికి పోతున్నడని తెలిసి ముత్తంగిల వాళ్ళ రూముకు పోయిన. ఒక్క రూముల ఆరుగురు ఉంటరు. ఆయన గోడకు ఆనుకొని కూసున్నడు, పక్కన సర్దిపెట్టిన బ్యాగు. నన్ను చూసి లేవబోయిండు. దవాఖానల నేను మాట్లాడిన సంగతి ఎవరో చెప్పిన్రు, నన్ను మంచిదాన్ని అనుకుంటున్నడు. దీదీ బైఠో అని చాప జరిపిండు. ఆ మర్యాద నేను తట్టుకోలేకపోయిన. నిలబడే చెప్పిన, వచ్చీరాని హిందీల. పొగ సంగతి ఆ దినం నాకు మాలూమ్. పటేలుకు చెప్పిన. నీకు చెప్పలె.

ఆయనకు మొదట్ల అర్థం కాలె. మల్ల చెప్పిన.

"పానీ దియా, తబ్ మాలూమ్ థా?" అన్నడు. నీళ్ళిచ్చినప్పుడు నీకు ఎరికేనా అని.

"మాలూమ్ థా భయ్యా."

అరిస్తె బాగుండు. అరిచేంత ఊపిరి లేదు ఆయనకు. చాపను మెల్లగ తన దిక్కు గుంజుకున్నడు. "జావో" అన్నడు. వాకిట్ల నిలబడ్డ ఆయన తమ్ముడు నాకు, ఆయనకు నడుమ వచ్చి నిలబడ్డడు. నేను వచ్చిన.

ఆ వారమే ఆయన లింగంపల్లిల రైలెక్కిండు. ఎట్లున్నడో అడుగుదామని నెంబరు సంపాయించి మూడుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలె. నాలుగోసారి ఆడమనిషి ఎత్తింది, భార్య కావొచ్చు. నేను హిందీల నా ఊరు చెప్పిన, షెడ్డు చెప్పిన. ఆమె గట్టిగ ఒడియాల ఏదో అన్నది. ఆ భాష నాకు రాదు. తిట్టిందో, ఎవరు నువ్వని అడిగిందో తెల్వలె. వెనక ఎవరో ఆగి ఆగి దగ్గుతున్నరు. ఆమె ఇంకోమాట అని ఫోన్ పెట్టేసింది.